తెర మీది గవాహీ

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా యాభై ఏళ్ళు పైబడినవారికి డాక్యుమెంటరీ అనగానే జ్ఞాపకం వచ్చేది సినిమా హాల్లో అసలు బొమ్మకు ముందు వేసే న్యూస్ రీలు. మంత్రిగారు ఆనకట్టకు శంకుస్థాపన చేయడం, హెలికాప్టర్‌లోంచి వరద ప్రాంతాలను పరిశీలించడం, ఇద్దరు పిల్లలు చాలునని డాక్టరమ్మ చెప్పడం, ఇదీ వరస. 1948లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వీటిని తీసి దేశమంతా పంపేది. ప్రేక్షకుల్లో సగం మంది అది అయ్యేదాకా బయట బడ్డీ దగ్గర సోడా తాగుతూ నిలబడేవారు. ఆ ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. కాని డాక్యుమెంటరీ అంటే సర్కారువారి గొప్పలు చెప్పే బొమ్మ అన్న అభిప్రాయం మాత్రం మన ఇళ్ళల్లో ఇంకా చెరిగిపోలేదు.

ఈ దేశంలో మరో రకం డాక్యుమెంటరీలు కూడా తయారయ్యాయి. వాటిలో హీరో ఉండడు, పాటలు ఉండవు. కాల్పుల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఉంటుంది, కర్ఫ్యూలో కూలి దొరకని రిక్షావాలా ఉంటాడు, కోర్టు మెట్ల మీద కూర్చున్న ముసలాయన ఉంటాడు. ఎవరికి అన్యాయం జరిగిందో వారే నోరు విప్పి చెబుతారు. ఉర్దూలో దీనినే గవాహీ అంటాం, అరబీలో షహాదత్. మేము ఈ వారం ఈ చిత్రాల సంగతి ఎత్తుకోవడానికి కారణం ఇదే. వీటిని వినోదం కిందనో రాజకీయం కిందనో లెక్కవేసి పక్కన పెట్టడం సరికాదు. సాక్ష్యాన్ని వినడానికీ తూచడానికీ మన దీన్‌లో కొన్ని నియమాలున్నాయి. ఆ నియమాలతోనే వీటినీ వినాలి, తూచాలి అన్నది మా మనవి.

దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులను న్యాయం మీద స్థిరంగా నిలబడమని, అల్లాహ్ కోసం సాక్ష్యం చెప్పమని ఆదేశిస్తుంది. ఆ సాక్ష్యం తనకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే, వెనుకాడవద్దంటుంది. ఎదుటివాడు ధనికుడా పేదవాడా అన్నది కూడా చూడవద్దంటుంది. బఖరా సూరా అయితే సాక్ష్యాన్ని దాచేవాని హృదయమే పాపభూయిష్ఠమని హెచ్చరిస్తుంది. జుమా ఖుత్బాలలో ఈ ఆయత్‌లను వినని ముసల్మాను ఉండడు. పొలం గట్టు తగాదాకో, నికాహ్‌నామా సంతకానికో మాత్రమే ఇవి పనికివస్తాయనుకుంటే పొరపాటు.

ఇక్కడ కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారని మాకు తెలుసు. తస్వీర్ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్న మాట నిజమే. చేత్తో గీసిన ప్రాణుల బొమ్మకున్న నిషేధమే కెమెరా ఫోటోకూ వర్తిస్తుందని మన దేశపు ఉలమాల్లో చాలామంది వాదించారు. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేక్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ మాత్రం ఫోటో అనేది ఉన్న వస్తువు నీడను పట్టి ఉంచడమే గాని కొత్తగా సృష్టించడం కాదని ఒక గ్రంథమే రాశారు. ఆ చర్చను ఇక్కడ తేల్చడం మా ఉద్దేశం కాదు. హజ్ దరఖాస్తుకు, పాస్‌పోర్టుకు, ఓటరు కార్డుకు అందరూ కెమెరా ముందు కూర్చుంటూనే ఉన్నారు. అవసరమైన చోట హక్కు నిరూపించుకోవడానికి బొమ్మ పనికివస్తుందని అందరూ ఒప్పుకున్నట్టే గదా! మరొకరి హక్కు నిరూపించడానికి పనికివచ్చే బొమ్మ దగ్గర మాత్రం మొహం తిప్పుకోవడం ఎందుకు?

హైదరాబాదు కర్ఫ్యూ రోజులు

ముందుగా చెప్పవలసింది ‘క్యా హువా ఇస్ షహర్ కో’ అనే చిత్రం. ఈ నగరానికి ఏమైంది అని అర్థం. (సినిమా హాళ్ళలో వచ్చిన పొగాకు ప్రకటన గుర్తొచ్చి పిల్లలు నవ్వుతారేమో. దానికీ దీనికీ సంబంధం లేదు.) 1986లో వచ్చిన ఈ చిత్రానికి దర్శకురాలు దీపా ధన్‌రాజ్, హైదరాబాదులో పుట్టిన మనిషి. ఛాయాగ్రహణం ఆమె భర్త నవరోజ్ కాంట్రాక్టర్‌ది. మతకల్లోలాలకు వ్యతిరేకంగా నగరంలో పనిచేసిన హైదరాబాద్ ఏక్తా అనే సంస్థ సహకారంతో, సోషలిస్టు నాయకుడు, అధ్యాపకుడు కేశవరావు జాదవ్ పాలుపంచుకోగా ఇది తయారైంది.

సందర్భం 1984. ఆ ఏడాది ఆగస్టు 16న ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా ఈ నెల రోజుల్లోనే, రాష్ట్రమంతా ఎమ్మెల్యేల లెక్కలు చూస్తూ ఉండగా, హైదరాబాదు పాతబస్తీలో కత్తులు లేచాయి, కర్ఫ్యూ పడింది. అప్పట్లో మన ఉత్తరాంధ్రలో ఉన్నవారికి అక్కడి సంగతులు పత్రికల్లో రెండు మూడు వాక్యాలుగా చేరేవి. ఇంతమంది మృతి, ఇన్ని పోలీసు స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ, పరిస్థితి అదుపులో ఉంది. అంతే.

చిత్రం ఆ రెండు మూడు వాక్యాల వెనక్కి తీసుకుపోతుంది. కర్ఫ్యూ అంటే పేదవాడికి ఏమిటో చూపిస్తుంది. ఏ రోజు సంపాదన ఆ రోజు తినేవాడికి ఇల్లు కదలవద్దన్న ఉత్తర్వు ఆకలి ఉత్తర్వే. అందులో హిందువు, ముసల్మాను తేడా లేదు. గాయపడినవారూ, ఇల్లు పోయినవారూ, ఆడవారూ తమ మాటల్లో తాము చెబుతారు. అలా చెప్పించి ఊరుకోలేదు. 1948 తర్వాత నగరంలో ఎవరి చేతి పనులు పోయాయి, రాజకీయం ఎటు తిరిగింది, మజహబ్ పేరుతో జనాన్ని కూడగట్టేవారు ఉభయ పక్షాలలోనూ ఎలా బలపడ్డారు అన్నది కూడా వివరిస్తుంది. ఒక పక్షం ఉపన్యాసాలు వినిపించి రెండో పక్షాన్ని తప్పించలేదు. మన పేరు చెప్పుకుని ఓట్లు అడిగేవారి ఉపన్యాసాలు కూడా తెర మీద ఉన్నాయి. అది మనలో కొందరికి రుచించదు. కాని అలాంటి చోటనే నిసా సూరా ఆదేశం గుర్తుకు రావాలి.

ఇందులోని భాష హైదరాబాదీ ఉర్దూ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన కుటుంబాలకు ఇది ఒక సౌకర్యం. పక్కింటివారికి ఉపశీర్షికలు కావాలి. మనకు ఆ బస్తీ ఆడవారి గొంతులోని జీర కూడా అర్థమవుతుంది. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ ఉర్దూ మరచిపోతున్న మన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, భాషకు భాష, చరిత్రకు చరిత్ర.

ఇద్దరు న్యాయమూర్తులు

ఇటువంటి చిత్రాలకు చట్టం ఎంతవరకు చోటిచ్చిందన్నది మరో కథ. ఆ కథ మొదలుపెట్టినవాడూ, అందులో తీర్పు చెప్పినవారూ మనవారే కావడం విశేషం. మౌలానా అల్తాఫ్ హుసేన్ హాలీ కుటుంబీకుడు, పానీపత్ వాస్తవ్యుడు అయిన ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1968లో ‘ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్’ అనే లఘుచిత్రం తీశారు. నిడివి 16 నిమిషాలు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాల్లో ఒక పక్క మేడలు, మరో పక్క మురికివాడలు. బొంబాయిలో ఆడవారిని అమ్ముకునే వీధి దృశ్యాలు కూడా కొన్ని ఉన్నాయి. సెన్సారువారు అందరూ చూడదగిన చిత్రమని సర్టిఫికెట్టు ఇవ్వడానికి నిరాకరించి, ఆ దృశ్యాలు కత్తిరిస్తేనే ఇస్తామన్నారు. అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు నడుస్తుండగా ప్రభుత్వం మెత్తబడి కత్తిరింపులు లేకుండానే సర్టిఫికెట్టు ఇస్తామంది. మరొకరైతే అక్కడితో సంతోషించి ఇంటికి పోయేవారు. అబ్బాస్ పోలేదు. అసలు విడుదలకు ముందే సెన్సారు చేసే అధికారం రాజ్యాంగ సమ్మతమా కాదా తేల్చమన్నారు.

1970 సెప్టెంబరు 24న ప్రధాన న్యాయమూర్తి ముహమ్మద్ హిదాయతుల్లా తీర్పు చెప్పారు. ఈ దేశ సర్వోన్నత న్యాయస్థానానికి తొలి ముస్లిం ప్రధాన న్యాయమూర్తి ఆయన. ఆ తీర్పులో అబ్బాస్ గెలవలేదు. సినిమా మనసును కదిలించినంతగా పుస్తకమో చిత్రపటమో కదిలించదు కనుక ముందస్తు సెన్సారు చెల్లుతుందన్నారు. అయితే సెన్సారు అధికారుల నిర్ణయం మీద అప్పీలు వినడానికి ప్రభుత్వం కాక న్యాయస్థానం వంటి ఒక వేదిక ఉండాలని, పరిశీలనకు గడువు ఉండాలని కూడా చెప్పారు. అటువంటి ట్రిబ్యునల్ తర్వాత ఏర్పడింది. 2021లో దానిని రద్దు చేశారు. ఇప్పుడు సెన్సారు నిర్ణయం నచ్చని దర్శకుడు నేరుగా హైకోర్టుకు పోవలసిందే. చిన్న చిత్రం తీసేవాడికి హైకోర్టు ఖర్చు ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

రెండో న్యాయమూర్తి ఎ.ఎం.అహ్మదీ. 1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి వేలమంది చనిపోయారు. పాతబస్తీలోని పేదలే ఎక్కువ. ఆ దుర్ఘటన మీద తపన్ బోస్, సుహాసినీ ములే తదితరులు తీసిన ‘బియాండ్ జెనోసైడ్’కు జాతీయ పురస్కారాల్లో స్వర్ణకమలం వచ్చింది. పురస్కారం ఇచ్చిన ప్రభుత్వానిదే దూరదర్శన్. ఆ దూరదర్శనే దాన్ని ప్రసారం చేయనంది. పాతబడిపోయిందట, సంయమనం లేదట, సమతూకం లేదట, బాధితుల కేసులు కోర్టులో ఉన్నాయట! 1992లో జస్టిస్ అహ్మదీ రాసిన తీర్పు ఈ సాకులను ఒక్కొక్కటిగా పక్కకు నెట్టి ప్రసారం చేయవలసిందేనన్నది. దర్శకుని అభిప్రాయం ప్రభుత్వానికి నచ్చనంత మాత్రాన అతని గొంతు నొక్కే హక్కు ప్రభుత్వ మాధ్యమానికి లేదని ఆ తీర్పు సారాంశం.

ఇక్కడితో ఆపితే మనవాడు గొప్పవాడన్న సంతోషం మిగులుతుంది. కాని ఆయనే 1996లో, ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, భోపాల్ కేసులో కంపెనీ అధికారులపై ఉన్న తీవ్రమైన అభియోగాన్ని కేవలం నిర్లక్ష్యం వల్ల మరణం అనే చిన్న అభియోగంగా తగ్గించిన తీర్పు కూడా రాశారు. దాని ప్రకారం గరిష్ఠ శిక్ష రెండేళ్ళే. బాధితులు ఆ తీర్పును ఎన్నటికీ మరచిపోలేదు. సాక్ష్యం చెప్పేటప్పుడు స్వజనమని చూడవద్దన్న మాట ఇలాంటి చోటనే వర్తిస్తుంది. 1992 తీర్పును మెచ్చుకున్నవారు 1996 తీర్పునూ ఇంట్లో పిల్లలకు చెప్పాలి.

మన జిల్లాల్లో

భోపాల్ మనకేమవుతుంది, హైదరాబాదు మనకెంత దూరం అని అడిగేవారుంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మన జనాభా నూటికి ఒక్కరు కూడా లేదు. ఇంత తక్కువ మంది ఉన్నచోట మన సమస్యలు వేరు, వారి సమస్యలు వేరు అని గిరి గీసుకుని బతకడం అసాధ్యం. పక్కవాడికి న్యాయం దొరకని చోట మనకు దొరుకుతుందని ఎవరు హామీ ఇస్తారు?

1967 అక్టోబరు 31న లెవిడి గ్రామం దగ్గర, మొండెంఖల్లు గిరిజన సభకు పోతున్న జనం మీద భూస్వాముల పక్షం వారు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తర్వాత ఈ కొండల్లో ఎంత రక్తం పారిందో, రెండు వైపులా ఎంతమంది పోయారో పెద్దలకు తెలుసు. గిరిజనుల భూములు గిరిజనేతరులకు బదిలీ కాకుండా కట్టుదిట్టం చేసిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్, మనమంతా వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం, ఆ అలజడి తర్వాత వచ్చినదే. లెవిడి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఆ రోజుల్లో ఆ కొండదారుల్లోకి కెమెరా పట్టుకుని పోయేవారెవరు? చూసినవారు చెప్పిన మాట తప్ప మరో ఆధారం లేదు. చూసినవారు చదువురాని గిరిజనులు. 1994లో నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగినప్పుడు కూడా ఇప్పటిలాగా ప్రతి చేతిలోనూ కెమెరా లేదు.

సోంపేట నాటికి రోజులు మారాయి. అక్కడి బీల ఏడాది పొడుగునా నీరు నిలిచే చిత్తడి నేల. దాని మీద రైతులు, మత్స్యకారులు, పశువుల కాపరులు ఆధారపడి బతుకుతున్నారు. కాగితాల్లో మాత్రం అది ఎందుకూ పనికిరాని బంజరు. ఆ నేలలో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం కట్టడానికి ఒక ప్రైవేటు కంపెనీకి 2008లో భూమి కేటాయించారు. 2010 జూలై 14న జనానికీ పోలీసులకూ మధ్య ఘర్షణ జరిగి, కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ దృశ్యాలు ఆ సాయంత్రమే టీవీల్లో రాష్ట్రమంతా చూసింది. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. సోంపేటలో ఆ కేంద్రం రానే లేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర మరో విద్యుత్ కేంద్రం విషయంలో కాల్పులు జరిగి మరో ఇద్దరు పోయారు.

ఇక్కడ అంతగా ఎవరూ పట్టించుకోని ఒక సంగతి ఉంది. ఇలాంటి ప్రాజెక్టులకు ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభను మొదటి నుంచి చివరిదాకా వీడియో తీసి తీరాలని 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతోంది. కాలుష్య నియంత్రణ మండలి ఆ పని చేయించాలి. ఆ వీడియో ప్రతిని సభా నివేదికతో కలిపి పైకి పంపాలి. అంటే చట్టమే ఒక డాక్యుమెంటరీ తీయమని ఆదేశించిందన్నమాట! దర్శకుడు లేని, పేరు లేని, ఏ పురస్కారమూ రాని డాక్యుమెంటరీ. సభలో ఒక మత్స్యకారుడు లేచి ఈ నేల బంజరు కాదయ్యా అని చెప్పిన మాట నివేదికలో ఒక్క ముక్కలో ముగిసిపోవచ్చు. వీడియోలో మాత్రం అతని పూర్తి మాట ఉంటుంది. మా దృష్టిలో పెద్ద దర్శకులు తీసిన చిత్రాల కంటే ఈ పేరులేని వీడియోలే మన జిల్లాలకు ముఖ్యం. కొవ్వాడ, భోగాపురం, మూలపేట అంటూ భూమి పోయిన ఊళ్ళ పేర్లు పెరుగుతూనే ఉన్నాయి.

మన మీద మన సాక్ష్యం

ఇంతవరకు చెప్పినవన్నీ ఎవరో మరొకరి తప్పుల మీద సాక్ష్యాలు. అవి చూడడం సులువు. కెమెరా మన ఇంటి వైపు తిరిగినప్పుడే పరీక్ష.

దీపా ధన్‌రాజే 2011లో తీసిన ‘ఇన్వోకింగ్ జస్టిస్’ చిత్రం తమిళనాడు ముస్లిం మహిళా జమాఅత్ గురించి. పుదుక్కోట్టైకి చెందిన దావూద్ షరీఫా ఖానమ్ నాయకత్వంలో 2004లో ఆ జమాఅత్ ఏర్పడింది. అక్కడి ఊళ్ళలో తలాఖ్, మెహర్, కట్నం తగాదాలను మసీదు జమాఅత్ పెద్దలు తీర్చేవారు. ఆడదాని బతుకు తేలే ఆ పంచాయితీలో ఆడదానికి కూర్చునే చోటు లేదు. ఆమె మాట ఆమె తండ్రో అన్నో చెప్పాలి. ఇది అన్యాయమని ఆడవారే ఒక జమాఅత్ పెట్టుకున్నారు. ఫిర్యాదు రాసుకుంటారు, మగవాని పక్షాన్నీ పిలిచి అడుగుతారు, కాగితాలు చూస్తారు, అవసరమైతే పోలీసు స్టేషనుకూ కోర్టుకూ పోతారు. కెమెరా వారి వెంట పోతుంది.

షరీఫా ఖానమ్ చెప్పిన ప్రతి మాటా మాకు సమ్మతమని అనము. ఫిఖా విషయాల్లో ఆమె అభిప్రాయాలతో ఉలమాలకు భేదం ఉంది, ఉండవచ్చు. కాని ఆ చిత్రంలో కన్నీరు పెట్టుకునే ఆడవారు చెప్పే సంగతులు అబద్ధమని మనలో ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? ముజాదలా సూరా దేని గురించి అవతరించిందో మదర్సాలో చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. హజ్రత్ ఖౌలా బిన్తె సాలబా (రజి) తన భర్త చేసిన అన్యాయం గురించి దైవప్రవక్త (స) సన్నిధికి స్వయంగా వచ్చి వాదించారు. ఆమె మాటను అల్లాహ్ విన్నాడన్న ప్రస్తావనతోనే ఆ సూరా మొదలవుతుంది. తన తరఫున అన్ననో నాన్ననో పంపమని ఆమెతో ఎవరూ అనలేదు. ఒక్కసారిగా మూడు తలాఖ్‌లు చెప్పే పద్ధతి మీద సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పు చెప్పినప్పుడు, 2019లో చట్టం వచ్చినప్పుడు, మన వ్యవహారాల్లో బయటివారి జోక్యమేమిటని మన సభల్లో గట్టిగా మాట్లాడారు. లోపల వినవలసిన మొర వినకపోతే అది బయట వినిపిస్తుంది. ఈ చిత్రాన్ని ముందు చూడవలసినవారు మసీదు కమిటీ సభ్యులు.

సనద్ చూడండి

వినడం ఒక ఎత్తు, తూచడం మరో ఎత్తు. తెర మీద కనబడిందంతా నిజం కాదు. హుజురాత్ సూరాలో ఫాసిఖ్ ఎవడైనా వార్త తెస్తే విచారించి తెలుసుకోమన్న ఆజ్ఞ ఉంది. తెలియక ఒక జనసమూహానికి హాని చేసి ఆనక విచారించవలసి వస్తుందన్న హెచ్చరికా ఉంది. నేడు ఫాసిఖ్ గడప దాకా రానక్కరలేదు, జేబులోని ఫోనులోకే వస్తాడు. ఎక్కడో మరో దేశంలో, మరో ఏడాదిలో జరిగిన కొట్లాట దృశ్యానికి మన ఊరి పేరు తగిలించి వాట్సాప్‌లో వదిలితే తెల్లవారేసరికి వంద ఇళ్ళకు చేరుతుంది. మనవారి మీద అబద్ధాలు పుట్టించేవారున్నారు నిజమే. మనవారే ముందువెనుకలు చూడకుండా పంపే అబద్ధాలు కూడా తక్కువేమీ కాదు.

ముహద్దిసీన్ దీనికి ఉపాయం ఎప్పుడో చెప్పారు. హదీసు చెప్పినవాడెవడు, అతడు ఎవరి నోట విన్నాడు, ఆ ఇద్దరూ నిజంగా కలుసుకున్నారా, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది అని ఒక్కొక్క రావీని పరీక్షించారు. ఆ గొలుసే సనద్. వాక్యం ఎంత అందంగా ఉన్నా సనద్ తెగితే పక్కన పెట్టారు. వీడియోనూ అలాగే అడగాలి. ఎవరు తీశారు? ఎక్కడ, ఏ తేదీన? కెమెరా ఆన్ చేయక ముందు ఏం జరిగింది? ఎక్కడ కత్తిరించారు? మంచి డాక్యుమెంటరీ దర్శకుడు తన పేరు పెట్టుకుని, సాక్షుల ముఖాలు చూపించి, ఫలానా చోట ఫలానా రోజున తీశానని చెప్పి నిలబడతాడు. వాట్సాప్ ముక్కకు తండ్రి పేరుండదు.

చట్టం కూడా ఈ గొలుసునే అడుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం కోర్టులో వీడియో ప్రతిని సాక్ష్యంగా పెట్టాలంటే దానితో పాటు ఒక సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఏ పరికరంతో తీశారో అందులో రాయాలి. ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, ఒక నిపుణుడు సంతకాలు చేయాలి. ఫైలులో ఒక్క చుక్క మార్చినా పట్టిచ్చే హ్యాష్ అనే అంకెను కూడా అందులో నమోదు చేయాలి. అంటే ఇది సనద్ కాక మరేమిటి? కనుక ఎక్కడైనా అన్యాయం మీ ఫోనులో పడితే దానికి పాట జోడించి, అక్షరాలు అద్ది పంచకండి. అసలు ఫైలును అలాగే, ఆ ఫోనులోనే ఉంచి వకీలుకు చూపించండి. అదే రోజు నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం పోలీసులు తలాషీ తీసేటప్పుడు, వస్తువులు జప్తు చేసేటప్పుడు మొత్తం వీడియో రికార్డు చేయాలి, దానిని ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఈ ఒక్క సెక్షన్ నంబరు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

ఇక భయం సంగతి. ఇలాంటి చిత్రాలు చూస్తే కేసులవుతాయేమోనని తల్లిదండ్రులు పిల్లలను వారిస్తున్నారు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం సర్టిఫికెట్టు కావాలన్నది బహిరంగ ప్రదర్శనకు. మీ ఇంట్లో మీ కుటుంబంతో చూడడానికి కాదు. నలుగురినీ పిలిచి హాల్లో వేస్తే మాత్రం సర్టిఫికెట్టు ఉన్న చిత్రమో కాదో చూసుకోవాలి. భయం ఊరికే పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. ఆనంద్ పట్వర్ధన్ 1992లో తీసిన ‘రామ్ కే నామ్’కు అందరూ చూడదగినదన్న సర్టిఫికెట్టు ఉంది, జాతీయ పురస్కారం ఉంది, బొంబాయి హైకోర్టు ఆదేశం మీద దూరదర్శన్‌లో కూడా వచ్చింది. బాబ్రీ మసీదు వివాదం నడుస్తుండగా అయోధ్యలోని సాధారణ హిందువులు, ఆ ఆలయపు పూజారి లాల్‌దాస్ కూడా, ద్వేషానికి వ్యతిరేకంగా మాట్లాడిన మాటలు అందులో ఉన్నాయి. మన పిల్లలు పొరుగువారిని అనుమానంతో చూడకుండా ఉండటానికైనా అది చూడాలి. అటువంటి చిత్రాన్ని 2024 జనవరిలో హైదరాబాదు సైనిక్‌పురిలో వేస్తుంటే పోలీసులు మధ్యలో ఆపించి నిర్వాహకుల మీద కేసు పెట్టారు. 2013 అల్లర్ల మీద శుభ్రదీప్ చక్రవర్తి తన భార్య మీరా చౌదరితో కలిసి తీసిన ‘ఇన్ దినోఁ ముజఫ్ఫర్‌నగర్’కు 2014లో సెన్సారు సర్టిఫికెట్టు నిరాకరించింది. ఆ ఆగస్టులోనే ఆయన మెదడులో రక్తస్రావమై మరణించారు. ముసల్మానుల ఇళ్ళు కాలితే గవాహీ చెప్పడానికి తన జీవితం వెచ్చించినవాడు ఒక చక్రవర్తి అన్న సంగతి కూడా మన పిల్లలకు చెప్పవలసినదే.

పైన చెప్పిన ప్రజాభిప్రాయ సేకరణ వీడియోల విషయం ఒకటి మిగిలింది. మీ ఊరికి సంబంధించిన సభ ఏదైనా జరిగి ఉంటే ఆ రికార్డు ప్రతిని 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి పౌర సమాచార అధికారిని అడగవచ్చు. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు, కారణం చెప్పనక్కరలేదు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. మండల స్థాయి కార్యాలయంలో అయితే 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా రుసుము లేదు. ప్రతి తయారుచేసినందుకయ్యే ఖర్చు వేరుగా అడుగుతారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తు నకలు, పోస్టాఫీసు రసీదు జాగ్రత్తగా దాచుకోండి.